సొంత కంప్యూటర్లో పనిచేసే మెనూ సైటులో ఎందుకు పనిచేయదు?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మైక్రోసాఫ్ట్ పబ్లిషర్ 2007 అనే సాఫ్ట్‌వేర్‌లో ఏడు పేజీల సైటు తయారుచేశారు. మీ కంప్యూటర్లో చూసుకుంటే బటన్లన్నీ పనిచేస్తున్నాయి. సర్వర్లోకి ఎక్కించాక హోమ్ పేజీ వస్తోంది గానీ, 'మా గురించి', 'ఫొటోలు' నొక్కితే 404 అంటోంది. 'సంప్రదించండి' బటన్‌కైతే ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. మెనూ మొత్తం తీసేసి రెండుసార్లు మళ్లీ కట్టారు, ఫలితం లేదు.

దయచేసి మూడోసారి కట్టకండి. మెనూలోనే లోపం ఉండుంటే చాలావరకు మీ కంప్యూటర్లో కూడా పనిచేసేది కాదు. పైగా మీరు ఒకటే అనుకుంటున్న సమస్యలు నిజానికి రెండు. 404 వచ్చిందంటే లింకు తన పని తాను చేసినట్టే. బ్రౌజర్ ఆ అడ్రసుకు వెళ్లింది, ఫైలు ఇమ్మని అడిగింది, సర్వర్ 'ఆ పేరుతో ఇక్కడేమీ లేదు' అని జవాబు చెప్పింది. నొక్కినా కదలని బటన్ సంగతి వేరు. అక్కడ బ్రౌజర్ ఎవరినీ ఏమీ అడగనే లేదు. రెండింటికీ ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు.

ముందు 404 సంగతి చూద్దాం. దీనికి పబ్లిషర్ తెరవాల్సిన పని కూడా లేదు. క్రోమ్‌లో మీ సైటు హోమ్ పేజీ తెరిచి, 'మా గురించి' బటన్ మీద మౌస్ ఉంచండి, నొక్కకండి. కిటికీ అడుగున ఎడమవైపు మూలలో ఒక అడ్రసు కనిపిస్తుంది. దాన్ని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోండి. ఈ పని చేయమంటే చాలామంది 'లింకు సరిగ్గానే ఉందండీ, పెట్టింది నేనే కదా' అంటారు. పెట్టినవాళ్ల కంటికే ఆ తప్పు కనబడదు, అదే చిక్కు.

ఆ అడ్రసు చదవాలంటే పబ్లిషర్ సైటును ఎలా పేరుస్తుందో కొంచెం తెలియాలి. 2003, 2007 వెర్షన్లలో 'పబ్లిష్ టు ద వెబ్' చేసినప్పుడు హోమ్ పేజీ ఒక్కటే ఇండెక్స్.హెచ్‌టీఎం అనే పేరుతో బయట ఉంటుంది. మిగతా పేజీలు, ఫొటోలు, బటన్ల బొమ్మలు అన్నీ ఇండెక్స్_ఫైల్స్ అనే ఫోల్డర్లోకి పోతాయి. అక్కడ పేజీలకు పేజ్0003.హెచ్‌టీఎం లాంటి పేర్లు పడతాయి. ఆ అంకెకూ మీ పేజీల వరుసకూ పొంతన ఉండాలని లేదు. మీ రెండో పేజీకి ఏడో నంబరు పడినా కంగారు పడకండి, సరిదిద్దాలని మాత్రం అస్సలు చూడకండి.

ఇప్పుడు అసలు కిటుకు. హోమ్ పేజీలో 'మా గురించి' బటన్ వెనక ఉండే అడ్రసు ఇండెక్స్_ఫైల్స్/పేజ్0003.హెచ్‌టీఎం. అంటే, 'నేనున్న చోటి నుంచి ఆ ఫోల్డర్లోకి వెళ్లి ఈ ఫైలు తీసుకురా' అని. అదే బటన్ 'ఫొటోలు' పేజీలో ఉన్నప్పుడు దాని వెనక ఒట్టి పేజ్0003.హెచ్‌టీఎం అని ఉంటుంది, ఎందుకంటే ఆ రెండు పేజీలూ ఒకే ఫోల్డర్లో పక్కపక్కన ఉన్నాయి. అక్కడి నుంచి 'హోమ్' బటన్ వెనక ఉండేది ../ఇండెక్స్.హెచ్‌టీఎం. ఆ రెండు చుక్కలకు 'ఒక మెట్టు పైకి ఎక్కు' అని అర్థం. చూడ్డానికి అన్ని పేజీల్లో ఒకే మెనూ, కానీ లోపలి దారులు వేరు. 'మా ఇంటి నుంచి మూడో సందు' అని గుర్తు చెప్పడం లాంటిదే ఇది. చెప్పేవాళ్లు ఇల్లు మారితే సందు కూడా మారిపోతుంది.

ఫైళ్లు ఎక్కించేటప్పుడు ఇల్లు మార్చేస్తున్నాం అని చాలామందికి తెలియదు. ఇండెక్స్_ఫైల్స్ ఫోల్డర్ తెరిచి, లోపలున్నవన్నీ సెలెక్ట్ చేసి, సర్వర్లో హోమ్ పేజీ పక్కనే పడేస్తారు. ఫైళ్లన్నీ చేరాయి, ఒక్కటీ తగ్గలేదు, కానీ ఫోల్డర్ లేదు. దాంతో హోమ్ పేజీ నుంచి వెళ్లే ప్రతి లింకూ 404. తమాషా ఏమిటంటే, ఎవరైనా లోపలి పేజీ అడ్రసు నేరుగా టైప్ చేసి వెళ్తే అక్కడి మెనూ చక్కగా పనిచేస్తుంది. సైటు డొమైన్ మొదటి మెట్టులోనే ఉంటే, అంటే అడ్రసులో సైటు పేరు తర్వాత వేరే ఫోల్డర్ పేరు లేకపోతే, 'హోమ్' కూడా పనిచేస్తుంది, ఎందుకంటే అంతకంటే పైకి ఎక్కే మెట్టు లేదు కాబట్టి బ్రౌజర్ ఆ రెండు చుక్కలనూ వదిలేస్తుంది. ఇలా ఒక వైపు నుంచి దారి ఉండి ఇంకో వైపు నుంచి లేకపోతే నేను వేరే ఏదీ వెతకను, తిన్నగా ఫోల్డర్ ఉందా లేదా అని చూస్తాను.

మీ విషయంలో ఇంకో గుర్తు కూడా ఉంది, మీరు రాయలేదు గానీ. హోమ్ పేజీలో బొమ్మలు కనిపిస్తున్నాయా? అవీ ఆ ఫోల్డర్లోవే. బొమ్మలు కూడా రాకపోతే ఫోల్డరే చేరలేదు, లేదా వేరే పేరుతో చేరింది. బొమ్మలు వస్తూ పేజీలు మాత్రం రాకపోతే ఫోల్డర్ ఉంది, పేజీ ఫైళ్ల పేర్ల దగ్గర తేడా ఉంది. ఒక జాగ్రత్త: బ్రౌజర్ పాత బొమ్మలను దాచుకుని వాటినే చూపిస్తుంటుంది. కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కి మళ్లీ చూడండి. ఇంకా నమ్మకం లేకపోతే ఈ సైటు ఎప్పుడూ తెరవని ఫోన్‌లో చూడండి.

ఫైళ్లు ఎక్కించడానికి ఫైల్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఎడమవైపు మీ కంప్యూటర్లోని ఇండెక్స్_ఫైల్స్, కుడివైపు సర్వర్లోని అదే ఫోల్డర్ తెరవండి. రెండింటి కిందా ఎన్ని ఫైళ్లున్నాయో, మొత్తం సైజు ఎంతో రాసి ఉంటుంది. లెక్క కలవకపోతే అడుగున, ఎక్కని ఫైళ్ల జాబితా ఉండే ట్యాబ్ చూడండి. వందల కొద్దీ చిన్న ఫైళ్లు పంపేటప్పుడు మధ్యలో కొన్ని జారిపోవడం మామూలే.

ఫోల్డర్ ఉంది, లెక్కా కలిసింది, అయినా 404 అంటే కాగితం మీద రాసుకున్న అడ్రసును సర్వర్లోని ఫైలు పేరు పక్కన పెట్టి చూడండి. క్యాపిటల్ అక్షరాలు, చిన్న అక్షరాలు ముఖ్యంగా. విండోస్‌కు క్యాపిటల్ 'పి' ఉన్నా చిన్న 'పి' ఉన్నా ఒకటే. లైనక్స్ మీద నడిచే సర్వర్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. సైటు ఉంచుకోవడానికి అద్దెకు దొరికే సర్వర్లలో, అంటే హోస్టింగ్‌లో, ఎక్కువ భాగం లైనక్సే. అందుకే మీ ఇంట్లో అన్నీ పనిచేస్తాయి, అక్కడ చేయవు. నేను మొదటిసారి ఈ గోతిలో పడ్డప్పుడు రెండు రాత్రులు పోయాయి. 'గ్యాలరీ' అనే పేజీ ఫైలుకు మొదటి అక్షరం క్యాపిటల్‌లో పెట్టుకుని, లింకులో చిన్నక్షరం టైప్ చేశాను. స్క్రీన్ మీద ఆ రెండు పేర్లనూ కనీసం యాభైసార్లు చూసుంటాను. మూడో రోజు పొద్దున పేర్లను ఒకదాని కింద ఒకటి కాగితం మీద రాసుకుంటే అర నిమిషంలో దొరికింది. అప్పటి నుంచి ఫైలు పేర్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా పెడుతున్నాను.

ఖాళీల సంగతి కూడా అంతే. పేరులో ఖాళీ ఉంటే అడ్రసులో దాని స్థానంలో %20 అని పడుతుంది. ఫైలు పేరును తెలుగులో పెడితే ఇంకా పెద్ద తంతు: 'మ' అనే ఒక్క అక్షరమే మూడు బైట్లుగా విడిపోయి, అడ్రసులో మూడు శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాల పొడవవుతుంది. బ్రౌజర్లకు ఇది తెలుసు, చాలావరకు పని జరిగిపోతుంది. కానీ ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఆ పేరును ఒక రకంగా, సర్వర్ ఇంకో రకంగా అర్థం చేసుకున్నాయంటే ఆ ఫైలు అక్కడ ఉన్నా లేనట్టే. పేజీ శీర్షిక, మెనూ బటన్ మీద రాసే మాట తెలుగులో హాయిగా పెట్టుకోండి. ఫైలు పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండనివ్వండి. పబ్లిషర్ 2007లో టూల్స్ మెనూలో 'వెబ్ పేజ్ ఆప్షన్స్' దగ్గర ఒక్కో పేజీకి శీర్షిక వేరుగా, ఫైలు పేరు వేరుగా ఇచ్చుకోవచ్చు. ఇచ్చేది ఒక్కసారే ఇవ్వండి, తర్వాత మార్చకండి. మారిస్తే పాత పేరు దాచుకున్నవాళ్లందరికీ 404 మొదలవుతుంది.

మీరు మెనూను రెండుసార్లు మళ్లీ కట్టానన్నారు కాబట్టి ఇది కూడా అడగాలి. ప్రతిసారీ ఒకే పేరుతో పబ్లిష్ చేశారా? ఒకసారి ఇండెక్స్ అని, ఇంకోసారి హోమ్ అని సేవ్ చేసి ఉంటే ఫోల్డర్ పేరు కూడా హోమ్_ఫైల్స్ అని మారిపోతుంది. లేదా టూల్స్, ఆప్షన్స్, వెబ్ ట్యాబ్‌లో 'ఆర్గనైజ్ సపోర్టింగ్ ఫైల్స్ ఇన్ ఎ ఫోల్డర్' అనే టిక్ మధ్యలో తీసేసి ఉంటే పేజీలన్నీ ఫోల్డర్ లేకుండా బయటే పడతాయి. సర్వర్లో ఇప్పుడు రెండు మూడు తరాల ఫైళ్లు కలగాపులగంగా ఉన్నా ఆశ్చర్యం లేదు. దీనికి గుర్తు: ఒక పేజీలో కొత్త మెనూ, ఇంకో పేజీకి వెళ్తే పాత మెనూ. అదే ట్యాబ్‌లో 'ఎనేబుల్ ఇంక్రిమెంటల్ పబ్లిష్ టు వెబ్' అని ఇంకో టిక్ ఉంటుంది. మారిన ఫైళ్లనే పంపి సమయం కలిసిరావాలని పెట్టిన సదుపాయం అది. సైటు ఇలా చిందరవందరగా ఉన్నప్పుడు అదే శని. తీసేయండి.

ఇక నేను చేసే పద్ధతి మొరటుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. సర్వర్లో ఉన్నదంతా ముందు నా కంప్యూటర్లోకి ఒక కాపీ దింపుకుంటాను. డెస్క్‌టాప్ మీద కొత్త ఖాళీ ఫోల్డర్ తెరిచి అందులోకి పబ్లిష్ చేస్తాను. సర్వర్లో పాత పబ్లిషర్ ఫైళ్లన్నీ తీసేసి, కొత్త ఇండెక్స్.హెచ్‌టీఎంనూ, ఇండెక్స్_ఫైల్స్ ఫోల్డర్‌నూ తెరవకుండా ఉన్నదున్నట్టు సర్వర్లో సైటు ఫైళ్లు ఉండే పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్లోకి లాగుతాను. అప్పుడే అక్కడ ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అని, చివర 'ఎల్' ఉన్న ఫైలు ఇంకొకటి ఉందేమో కూడా చూడండి. హోస్టింగ్ వాళ్లు 'త్వరలో వస్తుంది' అని పెట్టే పేజీ ఆ పేరుతోనే ఉంటుంది, చాలా సర్వర్లు దాన్నే ముందు చూపిస్తాయి.

విండోస్‌లో పేజీ ఫైలును తీసేస్తే దాని జంట _ఫైల్స్ ఫోల్డర్ కూడా దాంతోపాటే పోవచ్చు. వాటిని జతగా చూడటం విండోస్‌కు అలవాటు. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె జారినంత పనైంది. రీసైకిల్ బిన్‌లో ఉంటుందిలెండి, టెన్షన్ పడకండి.

ఇప్పుడు ఉలకని పలకని 'సంప్రదించండి' బటన్. దీనికి నాకు ఇష్టమైన పరీక్ష ఒకటుంది: మౌస్ పక్కన పెట్టి, పేజీ మీద ట్యాబ్ మీట నొక్కుతూ పోండి. లింకులు ఒక్కొక్కటిగా చుట్టూ గీతతో వెలుగుతాయి. ఆ బటన్ దగ్గరికి వచ్చాక ఎంటర్ కొట్టండి. పేజీ తెరుచుకుందంటే లింకు ఆరోగ్యంగా ఉంది, దాని మీద ఏదో పరుచుకుని మౌస్‌ను అడ్డుకుంటోంది. పబ్లిషర్‌లో టెక్స్ట్ బాక్స్‌ను చేత్తో లాగి పెడతాం కదా, మాటలు రెండు వరుసలే ఉన్నా పెట్టె మాత్రం కింది దాకా, పక్క దాకా సాగి ఉంటుంది. అది పారదర్శకం కాబట్టి కంటికి కనబడదు. బ్రౌజర్ దృష్టిలో మాత్రం అది బటన్ మీద పరిచిన గాజు పలక. అలాంటి చోట బటన్ మీద మౌస్ పెడితే చెయ్యి గుర్తు రాదు, మామూలు బాణమో, అక్షరాల మధ్య వచ్చే నిలువు గీతో వస్తుంది. పబ్లిషర్‌లో ఆ పేజీ తెరిచి, ఎడిట్ మెనూలో 'సెలెక్ట్ ఆల్' కొట్టండి. ప్రతి పెట్టె అంచూ బయటపడుతుంది. మెనూ మీదికి వచ్చిన పెట్టెను వెనక్కి కుదించండి. మెనూను ఎంచుకుని 'బ్రింగ్ టు ఫ్రంట్' చేయడం కూడా పనిచేస్తుంది గానీ, రేపు ఇంకో పెట్టె దానిమీద పడుతుంది. కుదించడమే మేలు.

ఎంటర్ కొట్టినా కదలిక లేకపోతే అడ్రసు చూడండి. 'ఫైల్' అని మొదలై మూడు గీతలు, ఆపైన సి డ్రైవ్, మీ కంప్యూటర్ పేరో ఫోల్డరో కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇంటర్నెట్ నుంచి వచ్చిన పేజీ మీ హార్డ్ డిస్కులోని ఫైలును తెరవమంటే క్రోమ్ భద్రత కోసం ఒప్పుకోదు. తప్పు అని కూడా చెప్పదు, ఊరుకుంటుంది. ఎఫ్12 నొక్కి, బ్రౌజర్ తప్పులను రాసిపెట్టే కన్సోల్ చూస్తే అక్కడ ఒక ఎర్రటి వరుస కనిపిస్తుంది, అంతే. మీ కంప్యూటర్లో పబ్లిష్ చేసిన పేజీ తెరిచినప్పుడు మాత్రం అది మీ డిస్కులోని పేజీయే కాబట్టి అభ్యంతరం లేకుండా తెరుచుకుంటుంది. 'నా దగ్గర పనిచేస్తోంది' అనే భ్రమ ఇక్కడే పుడుతుంది. ఇలాంటివి ముందే బయటపెట్టాలంటే మీ కంప్యూటర్లో సైటు ఉన్న ఫోల్డర్ పేరును ఒక్క పది నిమిషాలు మార్చి, పేజీలు తెరిచి నొక్కి చూడండి. డిస్కు దారిని పట్టుకుని వేలాడుతున్న లింకులన్నీ రాలిపోతాయి.

ఇలాంటి లింకు ఎలా పడుతుందంటే, 'ఇన్సర్ట్ హైపర్‌లింక్' కిటికీలో ఎడమవైపు 'ఎగ్జిస్టింగ్ ఫైల్ ఆర్ వెబ్ పేజ్' ఎంచుకుని, ఇంతకుముందు పబ్లిష్ చేసిన పేజీని డిస్కులో వెతికి చూపించడం వల్ల. సైటులోని పేజీకే లింకు పెట్టాలంటే అక్కడే ఉండే 'ప్లేస్ ఇన్ దిస్ డాక్యుమెంట్' వాడండి. అప్పుడు పేజీ ఫైలు పేరు ఏదైనా దారి చూసుకునే బాధ్యత పబ్లిషర్‌ది. బయటి సైటుకు లింకైతే ముందు https:// తప్పకుండా ఉండాలి. ఒట్టి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అని మొదలుపెడితే బ్రౌజర్ దాన్ని మీ ఫోల్డర్లోని ఫైలు పేరనుకుని, మీ సైటులోనే వెతికి 404 తెస్తుంది.

పెట్టె అడ్డం లేదు, అడ్రసూ సరిగ్గానే ఉంది, అయినా ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో బటన్లు మొండికేస్తే అది పబ్లిషర్ కాలం నాటి పాత జబ్బు. 2007 వెర్షన్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఆ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మంగళం పాడింది. వెబ్ ట్యాబ్‌లో 'రిలై ఆన్ వీఎంఎల్' అనే టిక్ ఉంటుంది, తీసేయండి. వీఎంఎల్ అనేది ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రమే తెలిసిన బొమ్మల భాష. అది చాలకపోతే మెనూను ఎంచుకుని 'అన్‌గ్రూప్' చేయండి. గ్రూపుగా ఉన్న మెనూ ఇతర బ్రౌజర్లలో లింకులు పోగొట్టుకోవడం ఆ వెర్షన్లలో తరచూ చూసిందే. దీనికొక ఖరీదుంది: అన్‌గ్రూప్ చేశాక మెనూ తనంతట తాను మారదు. కొత్త పేజీ చేర్చినప్పుడల్లా ఏడు పేజీల్లోనూ మీరే మార్చుకోవాలి. అందుకే దీన్ని చివరి మందుగా ఉంచాను.

హెచ్‌టీఎంఎల్ ఫైలునే నోట్‌ప్యాడ్‌లో తెరిచి లింకు మార్చేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోతుంది, మళ్లీ పబ్లిష్ చేసేదాకా. చేసిన మరుక్షణం మీ దిద్దుబాటు చెరిగిపోతుంది. వీఎంఎల్ టిక్ ఉన్నప్పుడు పబ్లిషర్ ఒకే లింకును రెండు చోట్ల రాస్తుంది: పైన వీఎంఎల్ ముక్కలో ఒకసారి, కింద బొమ్మ మీద గళ్లు గీసే 'ఏరియా' ట్యాగ్‌లో ఇంకోసారి. మొదటిది క్రోమ్ దృష్టిలో ఒట్టి కామెంటు, చదవనే చదవదు. మనం సాధారణంగా పైన కనబడిన దాన్నే దిద్ది, సేవ్ చేసి, 'మారలేదేమిటి' అని జుట్టు పీక్కుంటాం. దిద్దితే రెండూ దిద్దండి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) 'ఆన్సీ' అని ఉంటే 'యూటీఎఫ్-8'కు మార్చుకోండి, లేకపోతే పేజీలో నేరుగా రాసి ఉన్న తెలుగంతా ప్రశ్నార్థకాలు అయి కూర్చుంటుంది.

ఇంకో విషయం, మీ ప్రశ్నలో లేకపోయినా. పబ్లిషర్ 2010 నుంచి కొత్త వెబ్‌సైటు మొదలుపెట్టే వీలు తీసేశారు, పాతవి దిద్దుకోవడం వరకే. ఇక పబ్లిషర్‌కే 2026 అక్టోబర్‌తో మద్దతు ముగుస్తుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మీ 2007 కాపీ ఆ కంప్యూటర్ ఉన్నన్నాళ్లు నడవచ్చు, కానీ ఆ కంప్యూటర్ పోతే సైటు దిద్దే దారి కూడా పోతుంది. ఏడు పేజీలే కాబట్టి, ఈ లింకులు కుదిరాక పేజీల్లోని రాతను, అసలు ఫొటోలను వేరే ఫోల్డర్లో దాచుకోండి. ఎప్పుడో ఒకప్పుడు వేరే చోట కట్టుకోవాల్సి వస్తుంది.

ఇప్పటికి మాత్రం మూడు సంగతులు చెప్పండి: 'మా గురించి' మీద మౌస్ పెట్టినప్పుడు అడుగున కనిపించిన అడ్రసు యథాతథంగా, సర్వర్లో పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ తెరిస్తే కనిపించే పేర్లు, 'సంప్రదించండి' దగ్గర ట్యాబ్ కొట్టి ఎంటర్ నొక్కితే ఏమైందో. ఏ ఫైలు ఎక్కడికి కదపాలో అప్పుడు సూటిగా చెప్పగలను.